మట్టి కింద ఎవరు?

సంతలో కుండ కొనేవాళ్లు ముందు దాన్ని చేతిలోకి తీసుకుని వేలితో కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది. బొంగురుగా మోగిందా, ఎక్కడో పగులున్నట్టే. భూమిని కూడా అలా తట్టి చూసే యంత్రం ఒకటుంది. పేరు గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్, పొట్టిగా జీపీఆర్. 2025 ఫిబ్రవరి చివర్లో తెలుగు టీవీ ఛానళ్లు ఆ పేరును ఇంటింటికీ పరిచయం చేశాయి.

ఆ నెల 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగంలో, దాదాపు 14 కిలోమీటర్ల లోపల, పైకప్పు కూలింది. నీళ్లూ బురదా ముంచుకొచ్చాయి. ఎనిమిది మంది లోపలే ఉండిపోయారు. ఇద్దరు ఇంజినీర్లు, ఇద్దరు ఆపరేటర్లు, నలుగురు జార్ఖండ్ కూలీలు. అంత బురదలో ఎక్కడని తవ్వాలి? హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ నిపుణులు జీపీఆర్‌తో లోపలికి వెళ్లారు.

ఇది రేడియో తరంగాన్ని నేలలోకి పంపుతుంది. మట్టి మారినచోట, రాయో నీరో ఖాళీయో తగిలినచోట, అందులో కొంత వెనక్కి వస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు లెక్కగడతారు. సమయమంటే మామూలు సమయం కాదు. సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోసెకను. ఆ ముక్కలో తరంగం గాలిలో 30 సెంటీమీటర్లు పరుగెడుతుంది, నీటిలోనైతే మూడు దాటడమే గగనం. తడి ఎంతో తెలియకపోతే లోతు లెక్కా తప్పుతుందన్నమాట. ఫ్రీక్వెన్సీ పెంచితే చిన్న వస్తువులు కూడా తెలుస్తాయి గానీ తరంగం లోతుకు పోదు. తగ్గిస్తే లోతుకు పోతుంది, చూపు మందగిస్తుంది.

రోడ్డు కింద పైపులు, శ్లాబులో ఇనుప చువ్వలు వెతకడానికి దీన్ని మించింది లేదు. అయితే తెర మీద పైపు బొమ్మ రాదు. బోర్లించిన గిన్నెలా ఒక వంపు గీత వస్తుంది, అంతే. ఆ గీత ఏమిటో చెప్పాల్సింది మనిషే.

సొరంగంలో ఉన్నవేమిటి? బురద, ఊరుతున్న నీరు, నుజ్జయిన బోరింగ్ మిషన్ ఇనుము. తడి బంకమట్టి తరంగాన్ని మింగేస్తుంది. ఇనుము తిప్పికొట్టి, తన వెనకున్నదాన్ని కప్పేస్తుంది. రాడార్‌కు గిట్టనివన్నీ ఒక్కచోటే చేరాయి! అయినా కొన్ని చోట్లు గుర్తించారు. మార్చి 1న, నలుగురి ఆచూకీ రాడార్‌తో తెలిసిందని మంత్రి ప్రకటించారు. తెర మీది గీత చెప్పింది ‘ఇక్కడేదో తేడా ఉంది’ అని మాత్రమే. అయినవాళ్ల కోసం ఎదురుచూసే చెవులకు అది ‘మనవాడు ఇక్కడున్నాడు’ అనే వినిపిస్తుంది. వినిపించదూ మరి! ఆ చోట్ల తవ్వారు. మనుషులు దొరకలేదు.

తర్వాత కేరళ పోలీసుల శునకాలు వచ్చాయి. అవి వాసన పట్టిన చోట తవ్వితే మార్చి 9న తొలి మృతదేహం కనిపించింది. కుక్క ముందు రాడార్ ఓడిపోయిందనడం తేలికే. కానీ కుక్క వెతికింది మనిషిని, రాడార్ వెతికింది మట్టిలో తేడాని. ఇవి రెండూ ఒకటే అనుకోవడంలోనే ఉంది చిక్కంతా.

మార్చి 25న రెండో మృతదేహం దొరికింది. ఏప్రిల్ చివర్లో గాలింపు ఆపేశారు. అప్పటికి ఇంకా ఆరుగురు లోపలే ఉన్నారు.