ఒక ధ్రువీకరణ పత్రం – రెండు పాఠాలు

మదర్సాలో మేము చాలా ఏళ్లుగా హదీసు, ఫిఖ్హ్ బోధిస్తున్నాము. సాక్ష్యానికి సంబంధించిన అధ్యాయం ఏటా వస్తుంది, ఏటా చెబుతాము, విద్యార్థులు రాసుకుంటారు. ఆ అధ్యాయం మా ఇంటి గుమ్మంలోకే వచ్చి నిలబడింది మాత్రం రెండేళ్ల క్రితం, మా అమ్మాయి ఇంజనీరింగ్ ప్రవేశాల సమయంలో.

మాది విశాఖ పాతనగరం. మా తండ్రిగారు రేవులో కళాసీగా పనిచేశారు. రేవు, షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం ఉన్న ఈ ఊళ్లో ఇంజనీరు అన్న మాటకు ఎంత గౌరవమో వేరే చెప్పనక్కర లేదు. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. ఆ విశ్వవిద్యాలయంలో 2010లో మహిళల కోసం ప్రత్యేకంగా ఇంజనీరింగ్ కళాశాల వెలసింది. అందులో చదవాలన్నది మా అమ్మాయి పదో తరగతి నాటి కోరిక. ఇంటి నుండి రోజూ వెళ్లి రావచ్చు, వాతావరణం బాగుంటుంది, ప్రభుత్వ సంస్థ కనుక భారమూ తక్కువ. మాకూ అదే ఇష్టం.

ఏపీ ఈఏపీసెట్ అంటే మూడు గంటల్లో 160 ప్రశ్నలు. వాటిలో 80 గణితమే. ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతం వెయిటేజీ. ఆ రెండేళ్లూ అమ్మాయి ఫజ్ర్ నమాజు చేసిన తరువాత మళ్లీ పడుకోలేదు. మంచి ర్యాంకే వచ్చింది. కానీ గత సంవత్సరాల వివరాలు చూస్తే ఓపెన్ కేటగిరీలో ఆమె కోరిన బ్రాంచి కొద్దిలో తప్పిపోయేలా ఉంది. బీసీ-ఇ కోటాలోనైతే తప్పక వచ్చేలా ఉంది.

మేము పఠానులము. 2007లో వచ్చిన చట్టం షేక్, ఖురేషీ కసాబులు, అత్తరు సాయిబులు, ఫకీరు సాయిబులు, ధోబీ ముస్లిములు, హజాములు మొదలైన వెనుకబడిన సమూహాలకు 4 శాతం రిజర్వేషను కల్పించింది. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బొహ్రా, ఖోజా, కచ్చీ మెమన్ మొదలైన వర్గాలను అందులో చేర్చలేదు. కనుక మా అమ్మాయికి ఆ కోటా వర్తించదు.

ఒకనాటి సాయంత్రం మా బావమరిది వచ్చాడు. అతనికి మేనకోడలంటే ప్రాణం. "దుల్హాభాయ్, షేక్ అని సర్టిఫికెట్ తీయిద్దాం. ఇంటిపేరు చూసి ఎవరు అడుగుతారు? మీరు మౌలానా. మీరొక్క మాట చెబితే పెద్దలిద్దరు సంతకం పెడతారు. పిల్ల భవిష్యత్తు కదా!" అన్నాడు.

మా శ్రీమతి మాట్లాడలేదు. తలుపు పక్కన మా అమ్మాయి నిలబడి ఉందని మాకు తెలుసు. నిజం చెప్పాలంటే మేమూ వెంటనే కాదనలేకపోయాము. ఆ రాత్రి ఇషా నమాజు తరువాత చాలాసేపు కూర్చున్నాము. మహాపాపాలను వివరిస్తూ ఆనుకుని కూర్చున్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అబద్ధపు సాక్ష్యం ప్రస్తావన రాగానే నిటారుగా కూర్చుని, ఆ మాటను పదే పదే హెచ్చరించిన హదీసును ఎన్నిసార్లు బోధించి ఉంటామో! న్యాయం కోసం స్వయంగా మనకు, మన బంధువులకు వ్యతిరేకంగానైనా సాక్ష్యం చెప్పాలన్న ఆదేశం సూరా నిసాలో ఉంది. దాన్ని ఇతరుల పిల్లలకు బోధించి, మన పిల్లకు మినహాయింపు ఇవ్వగలమా?

మరొక సంగతీ ఉంది. ఆ సీటు గాలిలోంచి రాదు. మన ఊళ్లోనే మాంసం కొట్టులోనో క్షౌరశాలలోనో కష్టపడే ఒక తండ్రి కూతురికి దక్కవలసినది అది. పైగా ఈ 4 శాతం నిశ్చింతగా ఉన్నదీ కాదు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో రిజర్వేషను కొనసాగింది. అంతటి పోరాటంతో నిలిచిన హక్కుకు మనవారే తప్పుడు పత్రాలతో గొయ్యి తవ్వితే ఏమనాలి? మరునాడు బావమరిదికి వద్దని చెప్పాము. అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది, కానీ ఎదురు చెప్పలేదు.

ఇక్కడితో ఆగితే ఇది మా గొప్ప చెప్పుకున్నట్లే అవుతుంది. రెండవ పాఠం దీనికంటే చేదుగా ఉంది.

ధ్రువపత్రాల పరిశీలనకు వెళ్లినప్పుడు అక్కడి ఉద్యోగి అమ్మాయి కాగితాలు తిరగేసి, "ఈడబ్ల్యూఎస్ పత్రం లేదా?" అని అడిగారు. మేము తెల్లమొహం వేశాము. ఏ రిజర్వేషనూ వర్తించని వర్గాల్లో, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలలోపు ఉన్నవారి కోసం 2019లో రాజ్యాంగ సవరణ ద్వారా 10 శాతం కోటా వచ్చింది. దానికి మతంతో నిమిత్తం లేదు. పఠానులకూ సయ్యదులకూ వర్తిస్తుంది. మదర్సా ఉపాధ్యాయుని ఆదాయం ఎంతో పాఠకులకు చెప్పనక్కర లేదు! అర్హత మాకు నిండుగా ఉంది. లేనిది పత్రమే. వెంటనే దరఖాస్తు చేశాము. విచారణ పూర్తయి తహసీల్దారు పత్రం చేతికి వచ్చేసరికి ఆప్షన్ల గడువు ముగిసిపోయింది. ఇందులో ఏ కార్యాలయాన్నీ తప్పు పట్టలేము. ఏప్రిల్‌లో చేయవలసిన పని ప్రవేశాల ముందురోజు మొదలుపెట్టినది మేమే.

ఇంటికి వస్తుండగా అమ్మాయి అడిగింది: "అబ్బా, ఈ పత్రం సంగతి మీకు ముందు తెలియదా?"

తెలియదన్నాము. అంతకంటే చెప్పడానికి ఏమీ లేకపోయింది. హరామ్ తలుపు మూశామని తృప్తిపడ్డాము గాని, పక్కనే అల్లాహ్ తెరిచి ఉంచిన హలాల్ తలుపు ఉందో లేదో వెతకలేదు. ముందు ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త బోధనను జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు చెప్పాము. మా ఒంటెను మాత్రం కట్టలేదు.

అమ్మాయికి ఊరి శివార్లలోని ఒక ప్రైవేటు కళాశాలలో సీటు వచ్చింది. రెండు బస్సులు మారి వెళుతుంది. అల్‌హందులిల్లాహ్, శ్రద్ధగా చదువుతోంది.

ఆ ఏడాది నుండి మా మదర్సా గోడపై ఒక కాగితం అంటిస్తున్నాము. అందులోని విషయాలు ఇవి: పిల్లలు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగానే మన కుటుంబం ఏ వర్గంలోకి వస్తుందో సరిగా తెలుసుకోవాలి. బీసీ-ఇ వారు కుల, ఆదాయ పత్రాలు ముందే తీసుకోవాలి. దూదేకుల సోదరులు బీసీ-బిలోకి వస్తారని మరువరాదు. మిగిలినవారు ఈడబ్ల్యూఎస్ పత్రం తీసుకోవాలి. అది ఒక్క ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది కనుక ఏప్రిల్‌లోనే కొత్తదానికి దరఖాస్తు చేయాలి. స్థానికత కోసం స్టడీ సర్టిఫికెట్లన్నీ ఒకచోట ఉంచాలి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు వస్తుందనుకున్న కళాశాలను కాక, నిజంగా కోరుకున్న కళాశాలను ముందు పెట్టాలి. పైనున్నది దక్కకపోతేనే కిందిదానికి వెళతారు.

పోయిన ఏడాది ఒక సయ్యద్ కుటుంబం ఆ కాగితం చూసి మా వద్దకు వచ్చింది. తండ్రి ఆటో నడుపుతారు. వారి అమ్మాయికి పత్రం సకాలంలో వచ్చింది. ఆదివారం అస్ర్ తరువాత మా అమ్మాయే ఆమె పక్కన కూర్చుని ఆప్షన్లు పెట్టించింది. మొదటి వరుసలో విశ్వవిద్యాలయ మహిళా కళాశాలనే పెట్టించింది. ఆ సీటు ఆమెకు వచ్చింది.

కబురు వచ్చిన రోజున మా అమ్మాయి ముఖం వైపు చూడడానికి మేము కొంచెం భయపడ్డాము. ఆమె నవ్వుతూ వచ్చి, "అబ్బా, గోడ మీది కాగితం పాతబడింది. వచ్చే ఏప్రిల్‌కు కొత్తది నేను రాస్తాను" అంది.

మన పిల్లలను సత్యంపై నిలబెట్టమని, ఆ సత్యానికి తగిన సన్నాహాన్ని మనకు ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. ఆమీన్.