బ్యాలెట్ కవరులో బడి బడ్జెట్

వాషింగ్టన్ రాష్ట్రంలో కొన్నేళ్ళకోసారి ఫిబ్రవరిలో పోస్టులో ఒక బ్యాలెట్ వస్తుంది. అందులో అధ్యక్షుడి పేరూ ఉండదు, గవర్నరు పేరూ ఉండదు. బడుల ఖర్చు కోసం రాబోయే కొన్నేళ్ళపాటు ఇళ్ళ మీద అదనపు పన్ను వేసుకోమంటారా, వద్దంటారా అని స్కూల్ డిస్ట్రిక్ట్ అడుగుతుంది. ఇక్కడ దాన్ని లెవీ అంటారు. మంచి స్కూళ్ళున్నాయని సియాటిల్ చుట్టుపక్కల రెడ్‌మండ్‌లోనో సమామిష్‌లోనో బాథెల్‌లోనో ఇల్లు కొనుక్కుని, పౌరసత్వం కూడా తీసుకున్న తెలుగువాళ్ళు ఎందరో ఆ కవరును తెరవకుండానే పక్కన పడేస్తారు. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటున్న ఈ రచయితను బాధపెట్టేది అదే.

బడి బాధ్యత రాష్ట్రానిదేగా, మళ్ళీ మనల్ని అడగడం దేనికని చాలామంది సందేహం. నిజానికి 1889 నాటి రాష్ట్ర రాజ్యాంగం ఆ మాట చాలా గట్టిగా చెప్పింది. జాతి, రంగు, కులం, లింగభేదం లేకుండా పిల్లలందరి చదువుకూ పుష్కలంగా డబ్బు సమకూర్చడం రాష్ట్రానికి పరమ కర్తవ్యమని రాసుకుంది. ఆచరణలో మాత్రం ఆ భారంలో పెద్ద వాటా చాలాకాలం లెవీల మీదే పడింది. 1975లో సియాటిల్ ఓటర్లు లెవీని తిరస్కరించడంతో అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ కోర్టుకెక్కింది. ప్రాథమిక విద్యకు లెవీల మీద ఆధారపడటం కుదరదని 1978లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. అయినా పరిస్థితి మారలేదు. బడులకిచ్చే నిధులు చాలడం లేదంటూ 2007లో రాష్ట్రం మీద మెక్‌క్లియరీ కేసు పడింది. 2012లో కోర్టు మళ్ళీ అదే మాట చెప్పింది. శాసనసభ కదలకపోయేసరికి 2014లో కోర్టు ధిక్కారం కింద తప్పుపట్టి, 2015 ఆగస్టు నుంచి రోజుకు లక్ష డాలర్ల జరిమానా వేసింది.

చివరికి 2017లో కొత్త చట్టం వచ్చింది. బడుల కోసం వేసే రాష్ట్ర ఆస్తిపన్ను ప్రతి వెయ్యి డాలర్ల విలువకు 2.70 డాలర్లకు పెరిగింది. స్థానిక లెవీలకు మాత్రం వెయ్యికి 1.50 డాలర్లు లేదా విద్యార్థికి 2,500 డాలర్లు, ఏది తక్కువైతే అదని హద్దు గీశారు. రాష్ట్రపన్ను పెరిగింది 2018లో, లెవీల తగ్గింపు అమలైంది 2019లో. అందుకే మధ్యలో ఆ ఒక్క ఏడాది కింగ్ కౌంటీలో పన్ను బిల్లు చూసి గుండె గుభేలుమన్నవాళ్ళు చాలామంది. బడులకు కోత తప్పేలా లేదని డిస్ట్రిక్టులు మొరపెట్టుకుంటే, 2019లోనే శాసనసభ ఆ 1.50ని 2.50కి పెంచింది.

ఈ హద్దు అందరికీ ఒకేలా తగలదు. ఇళ్ళ ధరలు ఆకాశాన్నంటే చోట చిన్న రేటుతోనే విద్యార్థి తలసరి హద్దు మేరకు డబ్బు వచ్చేస్తుంది. పొలాలూ చిన్న ఇళ్ళూ ఉండే డిస్ట్రిక్టులో అంతకంటే ఎక్కువ రేటు కట్టినా ఒక్కో పిల్లవాడికి అంత రాదు. ఆ లోటు కొంత పూడ్చడానికి రాష్ట్రం వేరే సాయం ఇస్తుంది, కానీ పూర్తిగా పూడదు.

ఇంతకీ లెవీ డబ్బు దేనికి పోతుంది? నర్సు సంగతే చూడండి. రాష్ట్రం ఒక నమూనా బడి లెక్క పెట్టుకుని నిధులిస్తుంది. నాలుగువందల మంది చిన్నపిల్లలున్న బడికి ఆ లెక్కలో నర్సు వాటా చాలా ఏళ్ళు 0.076 ఉండేది. అంటే వారానికి సుమారు మూడు గంటలు. ఉబ్బసమున్న పాపకు, ఇన్సులిన్ తీసుకునే బాబుకు ఆ మూడు గంటల్లోనే అవసరం పడాలి! 2022లో ఆ వాటా పెంచుతూ చట్టం చేశారు, మంచిదే. అంతవరకూ తక్కినరోజుల్లో గదిలో నర్సు ఉందంటే చాలాచోట్ల అది లెవీ పుణ్యమే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువుకు రాష్ట్రమిచ్చేది చాలనప్పుడు తోడయ్యేదీ ఆ డబ్బే.

భవనాల సంగతి వేరు. లెవీకి 2007 నుంచి సగానికి పైగా ఓట్లు చాలు. కొత్త బడి కట్టుకోవడానికి అప్పు తెచ్చే బాండుకు మాత్రం అరవై శాతం రావాలి. పైగా గత సాధారణ ఎన్నికల్లో పోలైన ఓట్లలో నలభై శాతం మేరకైనా పోలింగ్ జరగాలి. రెడ్‌మండ్, కర్క్‌లాండ్ పిల్లలు చదివే లేక్ వాషింగ్టన్ డిస్ట్రిక్టులో 2014లో బాండు రెండుసార్లు ఓడిపోయింది. 2016లో 39.8 కోట్ల డాలర్ల బాండు గెలిచింది. 2018లో మళ్ళీ ఓటమే. అప్పుడు సగానికి పైగా జనం సరేనన్నారు, అయినా గీత దాటలేదు.

హెచ్1బి వీసా మీద ఉండి గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న తెలుగువాళ్ళకు ఈ ఓటు లేదు. ఇంటి అప్పు వాయిదాతోపాటే వాళ్ళ ఆస్తిపన్నూ కట్ అవుతుంది. పిల్లలూ అవే బళ్ళలో చదువుతారు. హైదరాబాదులో ఇంటిపన్నుతో కలిపి గ్రంథాలయ సెస్సు కట్టేవాళ్ళను ఏటా ఎవరూ సమ్మతి అడగరు. ఇక్కడ అడుగుతారు, కానీ పౌరులనే. అందుకే ఓటున్న వాళ్ళ మీద బాధ్యత మరింత ఎక్కువ.

ఓటు లేనివాళ్ళకూ దారులున్నాయి. స్కూల్ బోర్డు సమావేశంలో మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. రాష్ట్ర రాజధాని ఒలింపియాలో శాసనసభ కమిటీ ముందు ఇంటినుంచే ఆన్‌లైన్‌లో అభిప్రాయం చెప్పొచ్చు. చెప్పాల్సిన అవసరమూ ఉంది. పిల్లలు తగ్గితే నిధులూ తగ్గుతాయి, తలసరి హద్దువల్ల లెవీ కూడా కుంచించుకుపోతుంది. అలా పిల్లల సంఖ్య పడిపోయాకే 2023లో బెల్‌వ్యూలో ఈస్ట్‌గేట్, విల్బర్టన్ ఎలిమెంటరీ స్కూళ్ళు మూతపడ్డాయి. ఆ లెవీ హద్దులు గీసేదీ చెరిపేదీ ఒలింపియాలోనే. ఏటా జనవరి రెండో సోమవారం సభ మొదలవుతుంది. బేసి సంవత్సరాల్లో 105 రోజులు, సరి సంవత్సరాల్లో 60 రోజులు నడుస్తుంది.