గొట్టం సరే, గ్యాస్ సంగతి?

భిలాయిలోని సుపేలా గ్యారేజీలో ఓ శ్రీకాకుళం కుర్రాడు తన చిన్న కారుకు కొత్త హెడర్ బిగిస్తున్నాడు. పోత ఇనుప మానిఫోల్డ్ కన్నా విడివిడి స్టీలు గొట్టాల్లోంచి పొగ సాఫీగా పోతుంది, పికప్ కాస్త పెరుగుతుంది. కాస్తే. మోత మాత్రం బోలెడు.

అసలు తంటా క్యాటలిటిక్ కన్వర్టర్‌తోనే. చాలా చిన్న కార్లలో అది మానిఫోల్డ్‌కే అతికి ఉంటుంది. ఒకటి విప్పితే రెండోదీ పోతుంది. కార్బన్ మోనాక్సైడ్ శుద్ధి కాకుండానే బయటపడుతుంది. 2019 సవరణ తర్వాత జరిమానా 10,000 రూపాయల దాకా ఉండొచ్చన్నా కుర్రాడు జంకలేదు.

స్టీల్ ప్లాంటులో రిటైరైన తండ్రికి మాత్రం ఆ వాయువు పేరు వింటేనే గుబులు. 2014 జూన్‌లో ప్లాంటు పంప్‌హౌస్ దగ్గర గ్యాస్ లీకై ఆరుగురు చనిపోయారు. దానికీ కారు పొగకూ పోలికేమిటని కొడుకు వాదన. అదీ నిజమే. ''ఒరే, ఆ బండి ఇంటి ముందు మాత్రం స్టార్టు చెయ్యకు'' అన్నారాయన.

హెడర్ బిగిసింది. పాత మానిఫోల్డ్‌ను మాత్రం కుర్రాడు తుక్కుకు వేయలేదు.