రోజ్‌డేల్ కొండల మీద సైకిలు యాత్ర

ఇంగ్లండు వెళ్లివచ్చినవారు సాధారణంగా లండన్ నగరపు వింతలను గురించి వ్రాస్తారు. నేను వ్రాయబోయేది ఆ దేశపు ఈశాన్య మూలన, ఉత్తర సముద్రానికి ఆనుకొని ఉన్న ఒక బీడు భూమిని గురించి. అక్కడ చూడవలసిన కోట లేదు, మేడ లేదు. అయినా ఆ బీడుకూ మన కొలిములకూ బాదరాయణ సంబంధం కంటె కాస్త దగ్గరి చుట్టరికమే ఉన్నదని ఒక రోజంతా సైకిలు తొక్కితే గాని నాకు తెలిసిరాలేదు.

ఆ ప్రాంతం పేరు నార్త్ యార్క్ మూర్స్. 1952లో దీనిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 1,436 చదరపు కిలోమీటర్లు. మూర్ అంటే చెట్టూ చేమా లేని ఎత్తయిన పీఠభూమి. నేల నిండా మోకాలి ఎత్తున హీదర్ అనే మొండి పొద. దాని క్రింద నీటిని పట్టి ఉంచే పీట్ అనే నల్లని మన్ను. ఆగస్టులో హీదర్ పూస్తుంది. అప్పుడు కొండ కొండంతా వంగపండు రంగు దుప్పటి కప్పుకొన్నట్లుంటుంది. ఈ అందమంతా ప్రకృతి ఒక్కతే తీర్చినది కాదు. చలికాలంలో పొదలను మళ్లు మళ్లుగా తగులబెడతారు. మన ఏజెన్సీలో పోడు మంటలు చూసినవారికి ఆ మచ్చలు వెంటనే గుర్తుకు వస్తాయి. అయితే అక్కడ మంట పెట్టేది పంట కోసం కాదు, గ్రౌస్ అనే పక్షికి లేత చిగుళ్లు దొరకడం కోసం. పక్షుల మీద ఇంత దయ ఏమిటా అని మురిసిపోతుండగా, ఆగస్టు 12న తుపాకీ వేట మొదలవుతుందని చెప్పారు.

మా అమ్మాయి మిడిల్స్‌బరో పట్టణంలో ఉద్యోగం చేస్తున్నది. 2023 ఆగస్టులో నేను అక్కడ ఉన్నప్పుడు, ఒక ఆదివారం తన సైకిలు బృందంతో రమ్మన్నది. "నాన్నగారూ, నలభై అయిదు కిలోమీటర్లే, మధ్యలో భోజనానికి ఆగుతాము" అన్నది. కళాశాల రోజులలో రోజూ పదహారు కిలోమీటర్లు తొక్కిన పాత ధీమాతో సరేనన్నాను. ఆ కిలోమీటర్లు గోదావరి డెల్టాలో కాలువగట్ల మీదివని మాత్రం అప్పుడు గుర్తుకు రాలేదు.

బృందంలో మాతో కలిపి పదకొండుగురము. కాసిల్టన్ అనే ఊళ్లో కార్ల మీది నుండి సైకిళ్లు దింపుకొన్నాము. బయలుదేరేముందు నాయకురాలు రెండు మాటలు చెప్పింది. వానకోటు సంచిలోనే ఉండాలి, ఎండను చూసి కారులో వదలరాదు. దారి చీలిన ప్రతి చోటా ఒకరు ఆగాలి; చివరివారు వచ్చేదాకా ఆ మనిషి కదలరాదు. ఈ రెండో నియమం వింటే మన షిఫ్టు మార్పిడి జ్ఞాపకం వచ్చింది. వచ్చేవాడు రానిదే ఉన్నవాడు కొలిమి వదలడు గదా!

ఊరు దాటగానే ఎత్తు మొదలయింది. రెండు లోయల మధ్య పడుకొన్న ఏనుగు వీపువంటి కొండవరుస మీదుగా దారి పైకి పోతుంది. ఎండ బాగానే కాస్తున్నది. గొర్రెలు దారికి అడ్డంగా పడుకొని, గంట కొట్టినా లేవవు. గంటకు పైగా తొక్కి, అక్కడక్కడ నడిచి, 400 మీటర్ల ఎత్తు దాటాక రాల్ఫ్ క్రాస్ అనే నిలువెత్తు రాతిశిలువ దగ్గర ఆగాము. పూర్వం ఉన్నవారు శిలువ తలమీది గుంటలో నాణేలు పెట్టిపోయేవారట, లేనివారు తీసుకొనేవారట. ఈ ఉద్యానవనానికి చిహ్నం ఈ శిలువే.

అక్కడినుండి బ్లేకీ శిఖరరేఖ వెంట దక్షిణానికి తిరిగాము. కుడివైపు ఫార్న్‌డేల్ లోయ, ఎడమవైపు రోజ్‌డేల్ లోయ. పావుగంట గడిచిందో లేదో, సముద్రం వైపు నుండి తెల్లని తెర ఒకటి లేచి వచ్చి లోయను మింగివేసింది. తేమ నిండిన సముద్రపు గాలి ఈ కొండను ఎక్కవలసి వచ్చినప్పుడు చల్లబడి అప్పటికప్పుడే మేఘమవుతుంది. వానాకాలంలో అనంతగిరి ఘాట్ రోడ్డు మీద మనము చూసేదీ ఇదే, కాకపోతే అక్కడ చలి ఎముకలను కొరకదు. చేతివేళ్లు కొయ్యబారాయి. దారి ప్రక్కనే ఉన్న లయన్ ఇన్ అనే పాత సత్రంలో దూరి, వేడివేడి సూపు తాగాము.

అక్కడ నా ప్రక్కన కూర్చున్న పెద్దాయనకు డెబ్బైకి దగ్గరగా వయస్సుంటుంది. నేను ఉక్కు కర్మాగారంలో ఇంజనీరునని తెలియగానే ఆయన చెంచా క్రింద పెట్టారు. ఆయన రెడ్‌కార్ బ్లాస్ట్ ఫర్నేస్‌లో, 1979లో దానిని వెలిగించిన నాటినుండి కాస్ట్‌హౌస్‌లో పనిచేసినవారు. రోజుకు పదివేల టన్నుల ఇనుము పోసిన కొలిమి అది. 2015లో చల్లారింది, 2022 నవంబరులో పేల్చి పడగొట్టారు. చూడడానికి జనమంతా సముద్రపు ఒడ్డుకు వెళ్లారట. ఆయన వెళ్లలేదు. వంటింట్లో కూర్చుని చప్పుడు విన్నానన్నారు. అంతకుమించి ఆ విషయం ఎత్తలేదు. "మధ్యాహ్నం మీకొకటి చూపిస్తాను" అన్నారు.

హటన్-లె-హోల్ అనే గ్రామం దాకా దిగుడు. ఏడు మైళ్లు కాలు కదపకుండా వెళ్లవచ్చు. సగం దారిలో మంచుతెర విడిపోయి, ఎండలో హీదర్ ధగధగలాడింది. మళ్లీ ఎడమకు తిరిగి, స్పాంటన్ మూర్ మీదికెక్కేసరికి వాన. ఒక్క మధ్యాహ్నంలో మూడు ఋతువులు! మా అమ్మాయికి ఇది అలవాటైపోయింది. నేను మాత్రం వానకోటు విప్పడం, తొడగడం లెక్కపెట్టుకొంటూ, ఏడవసారితో లెక్క మానివేశాను.

ఆ కొండ అంచున, బ్యాంక్ టాప్ అనే చోట, పెద్దాయన సైకిలు ఆపి చేయి చూపారు. పచ్చికలో రాతికమానులు వరుసగా నిలబడి ఉన్నాయి. చూడగానే పాతబడిన దేవాలయ మండపమనుకొన్నాను. అవి ఇనుపరాయిని కాల్చిన బట్టీలు!

పందొమ్మిదవ శతాబ్దం మధ్యలో ఈ నిర్జనమైన లోయలో ఇనుప గనులు తెరిచారు. ఖనిజంలో చాలావరకు ఐరన్ కార్బొనేట్. మన ఇంజనీరింగు మిత్రులు చప్పున లెక్కవేసుకోవచ్చు: స్వచ్ఛమైన కార్బొనేట్ 116 పాళ్లుంటే, కాల్చినప్పుడు 44 పాళ్లు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిసిపోతుంది. ఆ బరువుకు రైలు కిరాయి ఎందుకు కట్టడం? అందుకే కొండమీదనే కాల్చి, బరువు తగ్గించి పంపారు. 1861లో 400 మీటర్ల ఎత్తు మీదుగా రైలుమార్గం వేశారు. దాని చివర ఇంగిల్‌బీ వాలు, అయిదుకు ఒకటి. నిండు వ్యాగన్లు క్రిందికి దిగుతూ, తాటి రెండో కొసన కట్టిన ఖాళీ వ్యాగన్లను పైకి లాగేవి. బైలదిల్లా ఖనిజం తూర్పు కనుమలు దిగివచ్చే కె.కె. లైనును ఎరిగిన మనకు, నూటయాభై ఏళ్ల క్రిందట ఇంజను లేకుండా బరువుతోనే బరువును లాగించినవారి తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది.

1851లో 558 మంది ఉన్న రోజ్‌డేల్‌లో ఇరవై ఏళ్లకు జనాభా దాదాపు అయిదింతలయింది. మంచి రోజులలో ఏడాదికి అయిదు లక్షల టన్నులకు పైగా రాయి దిగిపోయింది. నేను మనసులోనే లెక్కవేశాను. టన్ను ఇనుముకు టన్నున్నర పైచిలుకు మంచి ఖనిజం చొప్పున, ఆ ఏడాది పంటంతా పెద్దాయన కొలిమికి సుమారు నెల రోజుల మేత మాత్రమే. ఆ మాట పైకంటే ఆయన నవ్వి, "అందుకే మాకు ఓడలలో వచ్చేది" అన్నారు. గనులు 1926లో మూతపడ్డాయి. బట్టీల చుట్టూ పడి ఉన్న కాలిన పొడిని కూడా ఊడ్చి తీసుకుపోయాక, 1929లో పట్టాలు పీకివేశారు.

ఈ చుట్టుప్రక్కల ఖనిజానికి ఒక పెద్ద దోషముండేది. క్లీవ్‌లాండ్ రాయిలో భాస్వరం ఎక్కువ. నాటి బెస్సిమర్ పాత్రలో అది వదిలేది కాదు. ఉక్కు పెళుసుగా పగిలేది. ఆ చిక్కు విప్పినవాడు సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్, లండన్‌లో ఒక పోలీసు న్యాయస్థానపు గుమాస్తా! రసాయనవేత్త అయిన పినతల్లి కొడుకో మేనమామ కొడుకో నాకు వరుస చెప్పడం రాదు గాని, ఒక బంధువు సాయంతో, పాత్ర లోపల డోలమైటు వంటి క్షారగుణం గల పొర వేసి, సున్నం కలిపి భాస్వరాన్ని చిట్టెంలోకి లాగించాడు. 1879లో మిడిల్స్‌బరో దగ్గరనే ఆ ప్రక్రియను నిరూపించారు. మన ఎల్.డి. కన్వర్టర్ లోపలి ఇటుక పేర్పును చూసినవారందరూ ఆ గుమాస్తాకు శిష్యులే. నేను చెప్పిన చుట్టరికం ఇదే.

బట్టీల నుండి లోయలోకి దారి చిమ్నీ బ్యాంక్. గని పొగగొట్టం వలన వచ్చిన పేరు. ఆ గొట్టాన్ని 1972లో పడగొట్టారు, పేరు మిగిలింది. వాలు మూడుకు ఒకటి. సైకిలు వారు దిగి నడవవలసిందని బోర్డు కూడా ఉన్నది. కుర్రవాళ్లు ఇద్దరు బోర్డును లెక్కచేయక దూసుకుపోయారు. నాకూ ఒక్క క్షణం మనసు లాగింది. సైకిలుతో కలిపి నా బరువు 94 కిలోలు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో దిగితే బ్రేకులు 1,600 వాట్ల వేడిని మింగాలి, అదీ తడిసిన రబ్బరుతో. లెక్క పూర్తయ్యేలోగానే మా అమ్మాయి నా హ్యాండిలు పట్టుకొని, "నడుద్దాం, నాన్నగారూ" అన్నది. మోకాళ్లు వణుకుతుండగా నడిచే దిగాను.

రోజ్‌డేల్ ఆబీ గ్రామంలో తేనీరు తాగి, తిరుగు ఎత్తు అందుకొన్నాము. నా నడక వేగంతో వస్తే అమ్మాయికి చలి పట్టేటట్లున్నది. నేను నెమ్మదిగా వస్తాను, నీవు పద అని పంపివేశాను. అది పొరపాటని కొండమీదికి వచ్చాక గాని తెలియలేదు. మళ్లీ మంచుతెర దిగింది. పదిగజాల అవతల దారి లేదు. ఎదురుగాలి, సన్నని వాన. పొదల్లోనుండి గ్రౌస్ పక్షి అరుపు. ఆ కూత తమ భాషలో "వెనక్కి పో, వెనక్కి పో" అన్నట్లుంటుందని అక్కడివారంటారు. ఆ పూట నాకూ అట్లాగే వినిపించింది. ఒకచోట దారి కుడివైపుకు చల్లగా వాలింది. గాలి వెన్నుకు తగిలి తోసింది. అంతసేపు ఎక్కినవాడికి అంతకంటె ఏమి కావాలి? హ్యాండిలు అటే తిప్పాను.

అప్పుడు వినిపించింది, సైకిలు గంట. ట్రింగ్ ట్రింగ్ మని రెండుసార్లు, కాస్త ఆగి మళ్లీ రెండుసార్లు. ఆగి, దిగి, ఆ చప్పుడు వైపు నడిచాను. దారి చీలిన చోట పెద్దాయన నిలబడి ఉన్నారు. టోపీ అంచునుండి నీరు కారుతున్నది. నేను తిరగబోయిన దారి ఫ్రయప్ లోయ వైపుది. మా ఊరికి దూరంగా తీసుకుపోయేది. ఎంతసేపయింది మీరు వచ్చి అని అడిగితే, ఇరవై అయిదు నిమిషాలయిందన్నారు. అరనిమిషానికొకసారి గంట కొడుతూనే ఉన్నారట. క్షమించమన్నాను. "చివరివారు రాలేదు గదా" అన్నారు.

అక్కడినుండి ఇద్దరమూ ప్రక్కప్రక్కనే వెళ్లాము. ఫ్యాట్ బెట్టీ అనే పొట్టి, తెల్లసున్నం పూసిన రాతిశిలువ దారిలో తగిలింది. దాని దగ్గర తినుబండారం ఒకటి పెట్టి, ఇంకొకరు పెట్టినది తీసుకోవడం ఆచారం. నా సంచిలో ఇంటినుండి తెచ్చిన చేగోడీలున్నాయి. పొట్లం పెట్టి, ఒక చాక్లెట్టు తీసుకొన్నాను. పెద్దాయన తాను పెట్టవలసినది పెట్టి, నా చేగోడీల పొట్లాన్నే తీసుకొన్నారు. ఒకటి కొరికి, కారానికి కళ్లు తుడుచుకొంటూ, మీ కొలిములకు పేర్లుంటాయా అని అడిగారు.

ఉంటాయన్నాను. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ.

మొదటి రెండూ నదులని, మూడవది అన్నం పెట్టే తల్లి అని చెప్పాను. అన్నపూర్ణ అనే మాట ఆయన నోట తిరగలేదు. రాల్ఫ్ క్రాస్ దాటి దిగుడు మొదలయింది. తెర విడిపోయి, క్రింద కాసిల్టన్ ఇళ్ల కప్పులు ఎండలో మెరుస్తున్నాయి. ముందు వెళుతున్న పెద్దాయన గాలికి తల వంచుకొని, ఆ పేరును ముక్కలు ముక్కలుగా పలికి చూసుకొంటున్నారు. ఊరి మొదటి ఇంటి దగ్గర మా అమ్మాయి దారి మధ్యలో నిలబడి మా వైపే చూస్తున్నది.