440 పెంకులు

మా డైనింగ్ టేబుల్ మీద మూడు నెలలుగా ఫ్రాన్స్ ఉంది. అందుకే మేం కింద కూర్చుని తింటున్నాం.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. రోజంతా రాసిన కోడ్ ఎక్కడో సర్వర్‌లో నడుస్తుంది. చేత్తో పట్టుకుని ‘ఇది నేను చేశా’ అనడానికి ఏమీ ఉండదు. అందుకే డయొరామా మొదలుపెట్టా. అంటే ఒక చోటుని, అక్కడి బతుకుని చిన్న సైజులో కట్టడం. నేను ఎంచుకున్నది దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్‌లో ఒక రైతు ఇల్లు. అక్కడ దాన్ని ‘మాస్’ అంటారు. నేనెప్పుడూ వెళ్లలేదు, ఫొటోలే ఆధారం.

స్కేల్ 1:24. అసలు ఇంట్లో ఒక అడుగు నా ఇంట్లో అర అంగుళం. గోడలకి ఫోమ్ బోర్డు, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్. మట్టి నేలకి వాడేసి ఎండబెట్టిన టీపొడి. లావెండర్ తోటకి ఊదారంగు వేసిన జనపనార. కడుతుంటేనే ఆ ఇల్లు అర్థమైంది. ఉత్తరం గోడకి కిటికీలు దాదాపు ఉండవు. రోన్ లోయ మీదుగా ‘మిస్ట్రాల్’ అనే చలిగాలి అటు నుంచే కొడుతుంది, ఒక్కోసారి గంటకి 100 కిలోమీటర్లు దాటి. గాలికి అడ్డంగా సైప్రస్ చెట్లు వరసగా నాటుతారు.

అసలు కష్టం పైకప్పుతో. క్లేని పల్చగా ఒత్తి, ముక్కలు కోసి, బ్రష్ కాడ మీద వంచి ఆరబెట్టాలి. అలా 440 పెంకులు. ఒక్కోటి రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. సగం అతికించాక ఊరి నుంచి అమ్మమ్మ వచ్చింది. కళ్లజోడు సర్దుకుని చూసి, “ఇవి మన గూనపెంకులే కదే” అంది.

నిజమే! ఒక వరస వెల్లకిలా, ఆ సందుల మీద ఇంకో వరస బోర్లా. అక్కడా అంతే, మా ఊళ్లోనూ అంతే.

“పైనుంచి మొదలెట్టావేంటే? చూరు దగ్గర్నుంచి పైకి పేర్చాలి. ఇలాగైతే నీళ్లన్నీ ఇంట్లోకే.”

ఆ రాత్రి 200కి పైగా పెంకులు ఊడదీశా. తీస్తుంటే ఒకటే గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట అమ్మమ్మ పెంకుటిల్లు పడగొట్టించి స్లాబ్ వేయించింది నేనే, నా జీతం మీద లోన్ తీసుకుని. గొప్ప పని చేశాననుకున్నా. ఆ పెంకులన్నీ ట్రాక్టర్‌లో పోయాయి. అమ్మమ్మని ఒక్క మాట కూడా అడగలేదు.

పక్కనే కూర్చుని పెంకులు అందిస్తుంటే ఇప్పుడు అడిగా. “ఆ ఇల్లు ఉంచాల్సిందా అమ్మమ్మా?”

“స్లాబ్ కారదుగా. వానొస్తే గిన్నెలు పెట్టక్కర్లేదు. కోతుల గోల లేదు” అంది. కాసేపాగి, “ఎండాకాలమే, లోపల పడుకోలేకపోతున్నా. అడిగుంటే చెప్పేదాన్ని” అంది.

నా దగ్గర సమాధానం లేదు. ఇంకో పెంకు అతికించా.

ఇల్లు పూర్తయ్యాక, మనుషులేరి అంది. ప్రొవాన్స్‌లో క్రిస్మస్‌కి ‘సాంతోన్’ అనే మట్టిబొమ్మలు పెడతారు. బాలయేసు పాకతో పాటు రొట్టెలవాడు, చేపలమ్మే ఆవిడ, కత్తులు సానపట్టేవాడు, ఊరంతా ఉంటుంది. మన బొమ్మల కొలువు లాగే. మార్సెయ్‌లో వాటి సంత 1803లో మొదలైంది. ఆ బొమ్మల్లో పుల్లల మోపు మోసే ముసలావిడ ఉంటుంది. నేనూ చేశా, ఆరు సెంటీమీటర్ల ఎత్తున.

అమ్మమ్మకి నచ్చలేదు. “ఈ వయసులో దానికి మోపెందుకే? కూర్చోబెట్టు.”

మళ్లీ చేశా. ఇప్పుడావిడ గుమ్మం పక్క రాతి బల్ల మీద, పెంకుల నీడలో కూర్చుని ఉంది.

వచ్చే నెల ఊరెళ్తున్నా. స్లాబ్ మీద నీడకి ఏం వేయిద్దామో ఈసారి అమ్మమ్మనే అడుగుతా.