రెండు అరటిపళ్ళు

మాది కాణిపాకం. గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు. చవితి నుంచి 21 రోజులు బ్రహ్మోత్సవాలు కాబట్టి ఆ మూడు వారాలూ మా ఇంట్లో పొయ్యి ఆరదు. తిరుపతి నుంచి ఆడబిడ్డ, బెంగళూరు నుంచి మరిది వాళ్ళు, ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. రెండేళ్ళ కిందట ఆ సందడిలో జరిగిన ఒక సంగతి ఇప్పటిదాకా రాయలేకపోయాను. మా ఆయనకి కూడా సగమే చెప్పాను.

ఆ రోజు నేనూ మా ఆడబిడ్డా పూజ బుట్ట పట్టుకుని దర్శనానికి బయల్దేరాం. గుడి బయట గరిక కట్టలు అమ్మే పిల్లాడొకడు వెంటపడ్డాడు. 9, 10 ఏళ్ళుంటాయి. "అక్కా, గరిక తీసుకోక్కా, సామికి ఇష్టం" అన్నాడు. తీసుకున్నాను. చెప్పులు విడిచి చీర సర్దుకునేటప్పుడు బుట్ట కాసేపు పట్టుకోమని వాడి చేతికిచ్చాను. తీరా టికెట్ల దగ్గర పర్సు తీస్తే 500 నోటు లేదు.

వెనక్కొచ్చి వాడి చెయ్యి పట్టుకున్నాను. "డబ్బులు తీసినావా?" అంటే "లేదక్కా" అన్నాడు. "అయితే నా బుట్టలోంచి ఏమీ తీయలేదని సామి మీద ప్రమాణం చెయ్యి" అన్నాను.

కాణిపాకం ప్రమాణం అంటే ఏమిటో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. మా వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాల దేవుడు. అప్పు ఎగ్గొట్టినవాళ్ళని, తాగుడు మానతానన్నవాళ్ళని ఇక్కడికి తీసుకొచ్చి స్నానం చేయించి ప్రమాణం చేయిస్తారు. అబద్ధం చెప్తే స్వామి ఊరుకోడని నమ్మకం. ఊళ్ళో పుట్టిన పిల్లలకి ఆ భయం ఉగ్గుపాలతోనే వస్తుంది.

వాడు గోపురం వైపు చూశాడు. నా వైపు చూశాడు. నోరు మెదపలేదు. ఇంకేం కావాలి? దొంగ దొరికిపోయాడనుకున్నాను. చుట్టూ జనం చేరారు. "వాళ్ళమ్మ సంగతి తెలీదా మీకు? రాత్రయితే లారీల కాడ నిలబడుకుంటాది" అన్నారెవరో. మా ఆడబిడ్డ కొంగు దగ్గరికి లాక్కుంది. ఒకాయన వాడి చెంప పగలగొట్టాడు. నేను "కొట్టొద్దు" అనలేదు. వాడు చెయ్యి విడిపించుకుని పరిగెత్తాడు. గరిక కట్టలన్నీ కిందపడి జనం కాళ్ళ కింద నలిగిపోయాయి.

ఇంటికొచ్చి తాంబూలం కోసం పెట్టుకున్న రవిక గుడ్డ మడత విప్పితే 500 నోటు జారిపడింది. పొద్దున్నే హడావిడిలో నేనే అందులో పెట్టాను.

బుట్టలో అరటిపళ్ళు మాత్రం నాలుగే ఉన్నాయి. నేను పెట్టింది ఆరు.

అప్పుడర్థమైంది, వాడు ఎందుకు నోరు తెరవలేదో. "డబ్బులు తీయలేదు" అని ఒట్టు వెయ్యమంటే వేసేవాడే. నేను అడిగింది "ఏమీ తీయలేదు" అని. ఆకలికి రెండు పళ్ళు తిన్నవాడు స్వామి ముందు ఆ మాట ఎలా అంటాడు? ఆ గుంపులో స్వామికి నిజంగా భయపడింది వాడొక్కడే.

మా ఊరి ఏటి పేరు బాహుదా. శంఖుడు, లిఖితుడు అనే అన్నదమ్ములు కాణిపాకం వస్తుంటే దారిలో తమ్ముడికి ఆకలేసి ఒక తోటలో మామిడిపండు కోసుకు తిన్నాడట. దొంగతనమని అన్న రాజు దగ్గరికి తీసుకెళ్తే రాజు చేతులు నరికించాడు. ఈ ఏట్లో మునిగితే మళ్ళీ చేతులొచ్చాయట, అందుకే బాహుదా. ఈ కథ మా పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ చేతులు తిరిగొచ్చిన మహిమే చెప్పాను. ఆకలేసిన పిల్లాడి చేతులు నరికించారే అని ఒక్కసారీ అనుకోలేదు.

మర్నాటి నుంచి వాడి కోసం వెతికాను. గరిక అమ్మే ముసలమ్మని, బస్టాండులో టీ అంగడాయన్ని అడిగాను. తల్లీ కొడుకూ ఊరు విడిచి వెళ్ళిపోయారన్నారు.

ఆ దసరా సెలవుల్లో నా చిన్ననాటి స్నేహితురాలు వచ్చింది. చిత్తూరులో ఒకే బెంచీలో కూర్చుని చదువుకున్నాం. తను ఇప్పుడు కన్యస్త్రీ, విజయవాడ వైపు వీధిపిల్లల హోమ్‌లో పని చేస్తుంది. పెసరట్టు పెట్టి పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. తిడుతుందేమో, ఓదారుస్తుందేమో అనుకున్నాను. రెండూ చేయలేదు. ఒక కథ చెప్పింది.

1841 డిసెంబరు 8న ఇటలీలోని టురిన్ పట్టణంలో ఒక అనాథ కుర్రాడు చలికి చర్చిలోకొచ్చి నిలబడ్డాడట. పూజకి సాయం చేయడం రాదన్నాడని చర్చి నౌకరు వాడిని కొట్టి తరిమాడు. అప్పుడే పూజకి సిద్ధమవుతున్న డాన్ బోస్కో అనే యువ ఫాదర్ "వాణ్ణెందుకు కొడతావు? వాడు నా స్నేహితుడు" అని వెనక్కి పిలిపించాడు. అమ్మానాన్నలు లేరన్నాడు, చదువు రాదన్నాడు. చివరికి "ఈల వెయ్యడం వచ్చా?" అని అడిగితే వాడు నవ్వాడని చెబుతారు. ఆ నవ్వుతో మొదలైన పనే ఇవాళ ఎన్నో దేశాల్లో నడుస్తోంది. ఆయన పేరు మీద పనిచేసే సలేషియన్ ఫాదర్లే 1989లో విజయవాడలో నవజీవన్ బాలభవన్ పెట్టారు. అంత పెద్ద జంక్షన్ కదా, ఇంట్లో దెబ్బలు పడలేక రైలెక్కిన పిల్లలు అక్కడ దిగిపోతుంటారు.

"మొదట్లో పిల్లలు చెప్పే పేరు, ఊరు చాలాసార్లు అబద్ధాలే మే" అంది. "అబద్ధమని తెలిసినా ఆ పేరుతోనే పిలుస్తాం. స్నానం, అన్నం, నిద్ర. నిజం దానంతట అదే వస్తుంది, కొందరికి వారం, కొందరికి ఏడాది. ముందే నిజం చెప్పు, తర్వాతే అన్నం పెడతాం అంటే ఒక్కడు కూడా నిలబడడు."

ఆ కథలో నేను చర్చి నౌకరు పక్కన నిలబడ్డానని తను అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

నా మనసులో ఉన్న ఇంకో ప్రశ్న కూడా అడిగేశాను. "ఇదంతా మతం మార్చడానికే కదా అంటారు మా వాళ్ళు?"

కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. "అడగాల్సిన మాటే" అంది. "అలా చేసేవాళ్ళు లేరని నేను అనను. ఆకలిని అడ్డం పెట్టుకుని పిల్లాడి పేరు మారిస్తే అది సేవ కాదు, బేరం. ఇప్పుడు చట్టముంది. దిక్కులేని పిల్లవాడు దొరికితే 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి. ఎక్కడుండాలో వాళ్ళు చెప్తారు, నేను కాదు. ఇల్లు దొరికితే ఇంటికే పంపుతాం. మా దగ్గర వినాయక చవితికి మట్టితో బొమ్మ చేసుకునే పిల్లలున్నారు. వాళ్ళకి బియ్యప్పిండి కుడుములు చేసిపెట్టేది నేనే."

వాళ్ళమ్మ గురించి కూడా చెప్పాను, లారీల సంగతి. తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ప్రజ్వల గురించి చెప్పింది. 1996లో హైదరాబాదు మెహబూబ్ కీ మెహందీలో వేశ్యావాటికని ఖాళీ చేయిస్తే ఆ ఆడవాళ్ళంతా రోడ్డున పడ్డారు. అప్పుడు సునీతా కృష్ణన్, జోస్ వెట్టికాటిల్ అనే క్రైస్తవ బ్రదరూ కలిసి, ఖాళీ అయిన ఆ వేశ్యాగృహంలోనే పిల్లలకి బడి పెట్టారు. తల్లుల బతుకు కూతుళ్ళకి రాకూడదని. మొదట్లో డబ్బుల్లేక ఆవిడ తన నగలు, ఇంట్లో గిన్నెలు కూడా అమ్ముకుందట. 2016లో ఆవిడకి పద్మశ్రీ వచ్చింది. నగలమ్మడం సరే, గిన్నెలమ్మడం అంటే ఆడవాళ్ళకే తెలుస్తుంది ఆ కష్టం.

"ఆవిడ, ఆ బ్రదరు కలిసి పనిచేయడానికి ఇద్దరిదీ ఒకే గుడి కానక్కర్లేకపోయింది" అంది నా స్నేహితురాలు. "ఆ తల్లుల్లో ఎక్కువమంది ఎవరో మోసం చేస్తేనో, అమ్మేస్తేనో వచ్చినవాళ్ళు. మనూరి సంగతే చూడు, మాతమ్మల పేరుతో ఆడపిల్లల్ని వదిలేసిన జిల్లా కాదా మనది? 1988లోనే చట్టం వచ్చింది, అయినా ఆ మాట మన చిన్నప్పుడు కూడా విన్నాం కదా. ఆ ఆడవాళ్ళ దగ్గరికి రాత్రి వెళ్ళే మగాళ్ళని ఎవరైనా కాణిపాకంలో ప్రమాణం చెయ్యమన్నారా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ మాట మీకూ చెప్పాలనే ఇదంతా రాశాను. కొడుకుని నిలదీసినప్పుడు తల్లి పేరెత్తారు. తల్లి పేరెత్తినప్పుడు ఇంకెవరి పేరూ ఎత్తలేదు. అక్కడున్న ఆడవాళ్ళం కూడా ఎత్తలేదు.

నేను పెద్దగా మారిపోయానని చెప్పను. హోమ్‌లో పని చేసే ఓపిక, ధైర్యం నాకు లేవు. చేసేవి రెండే. గుడి దగ్గర ఒంటరిగా తిరిగే పిల్లలు కనిపిస్తే "తిన్నావా?" అని ముందు అడుగుతాను. ఆ పిల్లకి ఎవరూ లేరనిపిస్తే 1098కి ఫోన్ చేస్తాను. పిల్లల కోసం పగలూ రాత్రీ పనిచేసే నంబరు అది, డబ్బులు పడవు. మీ ఫోన్లో కూడా పెట్టుకోండి. ఇప్పటికి రెండుసార్లు చేశాను. ఒకసారి తప్పిపోయిన పాప, సాయంత్రానికి వాళ్ళమ్మ దొరికింది. ఇంకోసారి ఏమైందో నాకు తెలియలేదు.

మళ్ళీ చవితి వస్తోంది. బుట్టలో ఇప్పుడు డజను పళ్ళు పెడుతున్నాను. ఎందుకన్ని అని మా ఆయన అడిగితే, ఈసారి మిగతా సగం కూడా చెప్పాను. ఆ పిల్లాడికి ఇప్పుడు 12 ఏళ్ళు వచ్చుంటాయి. ఎదురుపడినా నేను గుర్తుపట్టలేనేమో. వాడు మాత్రం నన్ను గుర్తుపడతాడు.