నైరోబీ మేడమ్‌కి నాలుగు గంటల హైదరాబాద్

హోటల్ గదుల్లో టీవీ పక్కన ఓ కాగితం ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? 'సిటీలో చూడదగ్గ ప్రదేశాలు' అని హెడ్డింగ్. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, రామోజీ ఫిలిం సిటీ. కింద క్యాబ్ నెంబర్. అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య సందులో ఉన్న మా చిన్న హోటల్లోనూ అదే ఉండేది. ఫ్రంట్ ఆఫీస్‌లో చేరిన ఇన్నాళ్లలో ఆ కాగితం చదివిన గెస్ట్‌ని నేను చూడలేదు. చాలామంది దాని వెనక వైఫై పాస్‌వర్డ్ రాసుకునేవాళ్లు.

కారణం సింపుల్. మా దగ్గర దిగేది టూరిస్టులు కాదు. పిల్లల్ని కోచింగ్‌లో చేర్పించడానికి ఊళ్ల నుంచి వచ్చే అమ్మానాన్నలు, ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లు, హాస్పిటల్ పని మీద వచ్చేవాళ్లు. పంజాగుట్టలో నిమ్స్, పక్కనే సోమాజిగూడలో పెద్ద ప్రైవేటు ఆస్పత్రులు. కొన్నేళ్లుగా ఆఫ్రికా దేశాల వాళ్లూ బాగా వస్తున్నారు. పేషెంట్ వార్డులో ఉంటే, తోడు వచ్చినవాళ్లు మా రూముల్లో ఉంటారు. పాస్‌పోర్టు కాపీ తీసుకుని, 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో పంపడం నా డ్యూటీ. అలా చాలా ఊళ్ల పేర్లు నోటికొచ్చేశాయి. నైరోబీ, లుసాకా, అడిస్ అబాబా, దారెస్సలాం.

ఆ నైరోబీ నుంచే ఓ మేడమ్ వచ్చారు. స్కూల్ టీచర్. తమ్ముడికి ఆపరేషన్. డిశ్చార్జ్ అయినా రివ్యూ అయ్యేదాకా విమానం ఎక్కకూడదన్నారు. మొత్తం మూడు వారాలు. పొద్దున్న పది నుంచి మధ్యాహ్నం రెండు వరకు హాస్పిటల్లో ఇంకో చుట్టం ఉండేవాడు. ఆ నాలుగు గంటలూ మేడమ్‌కి ఖాళీ.

కానీ ఆవిడ బయటికి వెళ్లడం మానేశారు. టిఫిన్, భోజనం, టీ అన్నీ రూముకే. ఒంట్లో బాలేదేమో అని అడిగా. అప్పుడు చెప్పారు. మొదటి రోజు సాయంత్రం మందుల షాపుకి నడిచి వెళ్తే, ముగ్గురు కుర్రాళ్లు వెనకే వస్తూ వీడియో తీశారట. ఇంకొకరు అడక్కుండా జడలు పట్టుకుని చూశారట. ఓ ఆటో అతను మీటర్ కాదుగానీ ఏకంగా ఐదింతలు అడిగాడట. కోపంగా చెప్పలేదు. నవ్వుతూనే అన్నారు: "మా ఊళ్లో సింహాన్ని చూడాలంటే పార్కు టికెట్ కొనాలి. ఇక్కడ నన్ను చూడ్డానికి టికెట్ కూడా అక్కర్లేదు."

నాకు ఆ రాత్రి డ్యూటీలో ఇంకేం తోచలేదు.

ఆవిడ ఫోన్‌లో ఉన్న గైడ్

మర్నాడు మేడమ్ తన ఫోన్‌లో నైరోబీలోని ఓ హోటల్ వాళ్ల సిటీ గైడ్ చూపించారు. వాళ్ల చెల్లెలు అక్కడే పనిచేస్తుందట. చదువుతుంటే నాకు ఆఫ్రికా గురించి తెలిసింది ఎంత తక్కువో అర్థమైంది. మనకి ఆఫ్రికా అంటే సినిమాలో చూపించే ఎడారి, అడవి. నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది. స్వెటర్ వేసుకునే ఊరు. ఆ పేరే మసాయి భాషలో 'చల్లని నీళ్లు' అనే మాట నుంచి వచ్చింది. సిటీని ఆనుకుని 117 చదరపు కిలోమీటర్ల నేషనల్ పార్క్, 1946 నుంచీ ఉంది. జిరాఫీ వెనక ఆకాశహర్మ్యాలు కనపడే ఫొటోలు అక్కడివే.

ఇంకో విషయం. నైరోబీ పుట్టిందే రైలు వల్ల. మొంబాసా నుంచి 1896లో మొదలైన పట్టాలు 1899కి అక్కడికి చేరాయి. వేసిన కూలీల్లో 30 వేలకు పైగా మన దేశం వాళ్లే, ఎక్కువగా పంజాబ్ వైపు వాళ్లు. అందుకే కెన్యాలో చపాతీ ఇంటి వంట, సమోసా బజారు తిండి. 2017లో అక్కడి ప్రభుత్వం ఆసియా మూలాలున్న తమ పౌరులని దేశంలో 44వ తెగగా గుర్తించింది. అంటే 'మీరూ మావాళ్లే' అని గెజిట్‌లో రాసిందన్నమాట.

సరే, మనం? మన సిటీలో ఆఫ్రికా మూలాలున్నవాళ్లు తరతరాలుగా ఉన్నారు. లక్డీకాపూల్ దాటాక ఏసీ గార్డ్స్ అని ఏరియా ఉంది కదా. ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం గుర్రపు దళం. వాళ్లని మొదట తెచ్చుకుంది వనపర్తి రాజులు, తర్వాత నిజాంకి ఇచ్చారు. హైదరాబాద్ భారత్‌లో కలిశాక దళం పోయింది, కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. పాతబస్తీ పెళ్లి బారాత్‌లో మోగే మర్ఫా దరువు ఉంది చూడండి, దాన్లో ఆ సిద్దీల చెయ్యి ఉంది. ఆ దరువుకి మనందరం డాన్స్ చేస్తాం. కానీ రోడ్డు మీద ఆఫ్రికా మనిషి కనపడితే ఫోన్ తీస్తాం.

కొత్త కాగితం

మా మేనేజర్ సార్‌కి చెప్పి, గైడ్ మళ్లీ రాస్తానన్నా. ఆయన ఒప్పుకున్నారు గానీ ఒక లైన్ తప్పకుండా పెట్టమన్నారు: 'సాయంత్రం ఆరు తర్వాత ఒంటరిగా బయటికి వెళ్లకండి.' గెస్ట్ మంచికే ఆయన చెప్పింది. నేను ఒకటే అడిగా: "సార్, మనోళ్లు వీడియో తీస్తే, రూంలో కూర్చోవాల్సింది ఆవిడా?" ఆయన కాసేపు కీబోర్డు మీద వేళ్లు ఆడించి, "సరే, ఆ లైన్ తీసెయ్. దాని బదులు మన డెస్క్ నెంబర్ పెట్టు, ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తాలి" అన్నారు.

కాగితానికి ఒకే రూల్ పెట్టుకున్నా. ప్రతి చోటూ నాలుగు గంటల్లో వెళ్లి రావాలి, హాస్పిటల్ నుంచి ఫోన్ వస్తే అరగంట, గంటలో వెనక్కి చేరాలి. రామోజీ ఫిలిం సిటీ అక్కడే ఎగిరిపోయింది. మిగిలినవి ఇవీ.

ఒకటి, మెట్రో. అమీర్‌పేట మీద కూర్చున్నవాళ్లకి హైదరాబాద్ అరచేతిలో ఉన్నట్టే. మియాపూర్–ఎల్బీనగర్ రెడ్ లైన్, నాగోల్–రాయదుర్గం బ్లూ లైన్ కలిసేది ఇక్కడే. ఆడవాళ్లకి విడిగా చోటుంది, రేటు బోర్డు మీద రాసుంటుంది, బేరం లేదు. కొత్త మనిషికి బేరం లేకపోవడమే పెద్ద మర్యాద.

రెండు, కేబీఆర్ పార్క్. బ్లూ లైన్‌లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర దిగాలి. నైరోబీ వాళ్లకి నేషనల్ పార్క్ అని చెప్పడానికి కొంచెం సిగ్గేసింది. దాదాపు 390 ఎకరాలే, సింహాలు లేవు, నెమళ్లు ఉన్నాయి. కానీ ఊరి మధ్యలో నేషనల్ పార్క్ ఉన్న సిటీలు ఎన్ని? అక్కడ అందరూ వాకింగ్ ధ్యాసలో ఉంటారు, ఎవరూ ఎవర్నీ చూడరు.

మూడు, గోల్కొండ. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినపడుతుందని ఏ గైడైనా చెప్తాడు. మా కాగితంలో ఇంకో లైన్ ఉంది: లోపలికి వెళ్లే దారిలో హబ్షీ కమాన్లు అడగండి. హబ్షీ అంటే అబిసీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా వైపు నుంచి వచ్చినవాళ్లు. కోటకి కాపలా కాసింది వాళ్లే.

నాలుగు, బేగంపేట పాత ఎయిర్‌పోర్టు దగ్గర రొనాల్డ్ రాస్ బిల్డింగ్. అమీర్‌పేట నుంచి ఆటోలో పది పదిహేను నిమిషాలు. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది అక్కడే. 1902లో నోబెల్ వచ్చింది. మనం రోజూ దాని పక్క నుంచే వెళ్తాం, తలతిప్పి చూడం. మేడమ్‌ది విక్టోరియా సరస్సు వైపు పల్లె. చిన్నప్పుడు ఇంట్లో ప్రతి ఒక్కరికీ మలేరియా వచ్చిందట. లోపలికి వెళ్లడం కుదరకపోయినా, గేటు బయట చాలాసేపు నిలబడ్డానని చెప్పారు.

అయిదు, తిండి. కారానికి భయపడి ఆవిడ రోజూ బ్రెడ్డే తింటున్నారు. కెన్యాలో రోజూ తినేది ఉగాలి, అంటే మొక్కజొన్న పిండితో చేసే సంకటి. పక్కన ఆకుకూర వేపుడు. అది వినగానే రాయలసీమ హోటల్ గుర్తొచ్చింది. రాగి సంకటి, పాలకూర పప్పు తెప్పించాం. వేళ్లతో ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో గుంట పెట్టి తిన్నారు. అచ్చం మా అమ్మమ్మలాగే. కాగితంలో తెలుగు మాటలు రెండే పెట్టా: 'కారం తక్కువ', 'ఎంత అన్నా?'

చివర్లో డబ్బుల గురించి ఒక లైన్: చిల్లర దగ్గర పెట్టుకోండి, బండి మీద క్యూఆర్ కోడ్ మీ ఫోన్‌తో పనిచేయకపోవచ్చు. మేడమ్ పగలబడి నవ్వారు. కెన్యాలో ఎం-పెసా 2007లోనే వచ్చింది. మామూలు కీప్యాడ్ ఫోన్‌తో కూరగాయలు కొనేవాళ్లు. మన యూపీఐ 2016. "తొమ్మిదేళ్లు లేటు" అన్నారు. ఏం మాట్లాడతాం!

మాటలు తెలిసినవే

పెసా అంటే ఏంటనుకున్నారు? పైసానే. మేడమ్ స్వాహిలీలో చెప్తుంటే నేను రాసుకున్నా. దుకా అంటే దుకాణం. గారి అంటే గాడీ. సబుని అంటే సబ్బు. కితాబు అంటే పుస్తకం. దావా అంటే మందు. హెసాబు అంటే లెక్క. కొన్ని మన దేశం నుంచి వెళ్లినవి, కొన్ని అరబ్బుల ద్వారా అటూ ఇటూ చేరినవి. హైదరాబాదీ హిందీ వచ్చినవాళ్లకి సగం స్వాహిలీ ముందే వచ్చినట్టు అనిపిస్తుంది. ఆవిడ మందుల షాపులో 'దావా' అంటే, షాపు అన్న 'దవాయి' అన్నాడట. ఆ రోజు నుంచి ఇద్దరూ దోస్తులు.

రెండో వారంలో మేడమ్ ఏసీ గార్డ్స్ చూడాలన్నారు. లక్డీకాపూల్ స్టేషన్‌లో దిగి వెళ్లారు. నిజానికి అక్కడ చూడ్డానికి కట్టడాలేం లేవు, మామూలు గల్లీలు. అందుకే కాగితంలో దాన్ని పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నా. తిరిగొచ్చి తాళం తీసుకుంటూ అన్నారు: "రెండు గంటలు తిరిగా. టీ తాగా. ఒక్కరు కూడా నన్ను తేరిపార చూడలేదు. ఇన్ని రోజుల్లో ఇదే బెస్ట్ ప్లేస్." అది కాగితంలో ఆరో నెంబర్ అయింది.

వెనక పేజీ మన కోసం

గెస్ట్‌కి ఇచ్చే గైడ్ సగమే అని అప్పుడు తెలిసింది. ఊరిని ఎంజాయ్ చేయడం వచ్చినవాళ్ల చేతిలో ఎంత ఉందో, ఊరివాళ్ల చేతిలోనూ అంతే ఉంది. అందుకే రెండో కాగితం తెలుగులో రాసి స్టాఫ్ రూంలో అంటించాం. ఎదురుగా ఉన్న టిఫిన్ బండి అన్నకి, మా స్టాండ్ ఆటో అన్నలకి కూడా చదివి వినిపించా. పెద్ద విషయాలేం కాదు. అడక్కుండా ఫొటో తీయొద్దు. జుట్టు ముట్టుకోవద్దు. 'ఆఫ్రికానా?' అని కాదు, 'ఏ దేశం, ఏ ఊరు?' అని అడగండి, ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. అందరికీ ఏ రేటో వాళ్లకీ అదే రేటు. పేషెంట్ ఎలా ఉన్నారని అడగండి, మనవాళ్లని అడిగినట్టే.

అందరూ మారిపోయారని చెప్పను. మొన్న కూడా ఒక కుర్రాడు ఫోన్ ఎత్తాడు. టిఫిన్ బండి అన్న దోసె తిప్పుతూనే "ఏంది తమ్మీ, నీ ఫొటో నేను తియ్యాల్నా?" అన్నాడు. ఫోన్ జేబులోకి వెళ్లిపోయింది.

ఇది చదువుతున్న మీలో చాలామంది అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు చేసి ఉంటారు, లేదా చేస్తూ ఉంటారు. మైత్రీవనం ముందు పాంప్లెట్లు పట్టుకుని, బ్యాగు మోసుకుంటూ, ఎవర్ని దారి అడగాలో తెలియక నిలబడిన మొదటి రోజు గుర్తుందా? నేను సూర్యాపేట నుంచి వచ్చి అలాగే నిలబడ్డా. ఇక్కడ దాదాపు అందరం బయటి నుంచి వచ్చినవాళ్లమే. మనల్ని ఎవరూ వీడియో తీయలేదు, అంతే తేడా.

ఈసారి మెట్రోలో పక్క సీట్లో కెన్యా, టాంజానియా వాళ్లెవరైనా కూర్చుంటే, 'హబారి?' అనండి. అంటే 'ఏంటి కబుర్లు?' అని. మన ఖబర్, కబురు లాంటిదే ఆ మాట. 'న్జూరి' అని జవాబు వస్తుంది. బాగున్నా అని. ఆ తర్వాత మాట ఎటు పోతుందో మీ ఇష్టం. స్టేషన్ వచ్చేదాకా టైం ఉంటుంది.